వస్తువుల మీది పేర్లు

ఈ నెల పాఠమునకు నిర్గమకాండము 28వ అధ్యాయమును తీసి చదువుకొనుడి.

మన యిండ్లలో పేరులేని గిన్నె అరుదు. పాత్రల అంగడిలో కరెంటు సూదితో చుక్కచుక్కగా పొడిపించి, పెండ్లికి ఎవరు ఇచ్చిరో, ఏ సంవత్సరమో వ్రాయింతుము. నలుగురిలో వంట జరిగినప్పుడు మన గిన్నె మన యింటికి తిరిగి వచ్చుటకు ఆ పేరే సాక్షి. ఇందులో తప్పేమియు లేదు.

ఇప్పుడు యౌవనస్థుల చేతులకు కెమెరాలు వచ్చినవి. మేడారము జాతర దినములలో జంపన్న వాగు గట్టున ఫోటోలు తీసి నాలుగు రూకలు సంపాదించువారు మన పల్లెలలోను ఉన్నారు. కొందరు కెమెరా ముందువైపున ఉన్న కంపెనీ పేరును నల్లని టేపుతో కప్పుదురు. ఇది వింతగా తోచవచ్చును గాని పాత అలవాటే. కార్టియే బ్రెస్సాన్ అను ఫ్రెంచి ఫోటోగ్రాఫరు తన లైకా కెమెరా తళతళలాడకుండ నల్ల టేపు చుట్టుకొని తిరిగెడివాడు. 1948 జనవరి 30న గాంధీగారు చంపబడిన దినముననే, అంతకు కొంచెము ముందు ఆయనను కలిసికొనినవాడితడు. జనులు కెమెరాను చూచి బిగుసుకొనక సహజముగా నుండవలెనని అతని కోరిక. 2011లో ఆ లైకా కంపెనీవారే ముందువైపున తమ ఎఱ్ఱని గుర్తు లేని యొక కెమెరాను అమ్మకమునకు తెచ్చిరి. గుర్తు లేకపోవుటయే గొప్పతనమని కొనువారును ఉన్నారు! మనుష్యుల మనస్సు ఎంత చిత్రమైనది!

కెమెరా పేర్లలో ఒక విశేషమున్నది. కానన్ కంపెనీవారు 1934లో చేసిన మొదటి నమూనాకు బౌద్ధుల కరుణామూర్తి పేరున క్వానన్ అని పేరిడిరి. మరుసటి సంవత్సరము కానన్ అని మార్చుకొనిరి. వేదశాస్త్ర పాఠశాలలో చదివినవారికి కానను అనగా పరిశుద్ధ గ్రంథముల ప్రమాణ పట్టిక గదా! అంగడిలో ఆ మాట వినినప్పుడెల్ల మాకు నవ్వు వచ్చును.

టేపు వేయదలచినవారికి ఒక మాట. కరెంటు తీగలకు చుట్టు టేపు మన ఎండలకు జిగురు కారి కెమెరాకు అంటుకొనును. గుడ్డ టేపు మేలు. బ్లేడుతో గీకవద్దు. గీకినచోట రంగు పోవును, తిరిగి అమ్మునప్పుడు వెల తగ్గును. అడుగున ఉన్న నంబరును ఎన్నడును చెరపవద్దు. సెల్‌ఫోనునకు పదునైదు అంకెల ఐఎంఈఐ నంబరు కలదు. దానిని మార్చుట నేరమని కేంద్ర ప్రభుత్వము 2017లో నియమములు చేసినది. తప్పిపోయిన ఫోనును పోలీసువారు వెదకునది ఆ నంబరు వలననే. కాబట్టి జాతరకు బయలుదేరకముందే దానిని ఒక పుస్తకములో వ్రాసి యింట ఉంచుడి.

కప్పుట వేరు, మార్చుట వేరు. తక్కువ వెల కెమెరా పేరు గీకివేసి, ఎక్కువ వెల కంపెనీ పేరు అంటించి, పెండ్లివారి యొద్ద హెచ్చు కూలి అడుగువారున్నారు. ఇది టేపు సంగతి కాదు, అబద్ధ సాక్ష్యము. మోసపుచ్చు తలంపుతో పరుల వ్యాపార చిహ్నమును సరుకుమీద వేసినవారికి 1999 చట్టము ప్రకారము ఆరు నెలలు మొదలు మూడు సంవత్సరముల వరకు చెరసాలయు, ఏబదివేలకు తగ్గని జరిమానాయు కలదు. అయినను చట్టమునకు ముందు ఆ పెండ్లికూతురి తండ్రిని తలంచుడి. అతడు మిరపపంట అమ్మి తెచ్చిన సొమ్ము అది.

ఇక అధ్యాయమునకు వత్తము. అహరోను ఏఫోదు భుజములమీద రెండు లేతపచ్చలు, ఒక్కొక్కదానిమీద ఆరేసి గోత్రముల పేర్లు. రొమ్మున మరల పండ్రెండు రాళ్లు, పండ్రెండు పేర్లు. నొసట బంగారు రేకు, దానిమీద ప్రభువునకు ప్రతిష్ఠితమను ముద్ర. అంత వెలగల వస్త్రములో అహరోను తన పేరు ఎక్కడను చెక్కించుకొనలేదు. జెకర్యా 14వ అధ్యాయము చివరను చూడుడి. ఆ బంగారు రేకుమీది మాటయే గుఱ్ఱపు సామానుమీదను ఉండునట. హెబ్రీ భాషలో రెండు చోట్లను ఒక్క మాటయే. అంతట యెరూషలేములోని వంటపాత్రలును ప్రతిష్ఠితములగును. ప్రధానయాజకుని కిరీటమునకును మన గంజి కుండకును ఒకే గౌరవము!

ఈ పాఠము మన మందిరమునకును తగులును. ఫ్యాను రెక్కలమీద దాత పేరు, గడియారముమీద దాత పేరు వ్రాయుట వాడుకయైనది. మేడారములో లక్షలాది జనులు బంగారమని తెచ్చి అర్పించు బెల్లముమీద ఇచ్చినవాని పేరుండదు. మన విశ్వాసము వేరైనను ఆ సంగతి మనము గమనింపదగినది.

ఇప్పుడు క్రొత్త బల్లలు చేయించు ప్రస్తావన వచ్చినది. వెనుక దాతల పేర్లు చెక్కించినయెడల ఇచ్చువారు ఎక్కువగుదురని కొందరు పెద్దల వాదము. అది నిజమే కావచ్చును. అయితే కూలినుండి ఆలస్యముగా వచ్చిన విధవరాలు పేరున్న బల్లను చూచి, అది ఎవరిదోయని నేలమీద కూర్చుండుట మేము చూచితిమి. దాతల పేర్లు జమాఖర్చుల పుస్తకములో వ్రాసి, బల్లలను ఖాళీగా ఉంచవలెనని మా అభిప్రాయము. వచ్చే ఆదివారము ఆరాధన పిమ్మట కూటము జరుగును. స్త్రీలును వచ్చి మాటలాడవలెను.