తేటగా ఉన్న నీళ్లన్నీ మంచినీళ్లేనా?



నీళ్లు మంచివో కావో మనం ఎలా తేల్చుకుంటాం? గ్లాసులో పోసి చూస్తాం, తేటగా ఉంటే సరే అనుకుంటాం. నోట్లో పోసుకుని, ఉప్పగా లేకపోతే త్రాగుతాం. అనుమానం వస్తే కాచి వడపోస్తాం. కలరా, టైఫాయిడ్, కామెర్ల వంటి జబ్బులకు కాచడం నిజంగా గొప్ప రక్షణే. కాని కంటికి కనబడక, నాలుకకు తెలియక, కాచినా పోని హాని ఒకటున్నది. అది ఫ్లోరైడ్. నీళ్లు మరిగి ఆవిరైనకొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుందే గాని తగ్గదు.

పరిశోధన ఏమి తేల్చింది?

ఈ వ్యాధిని మన దేశంలో మొదట శాస్త్రీయంగా వివరించినది తెలుగు నేల మీదనే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు పరిశోధకులు నాటి నెల్లూరు జిల్లా పల్లెలను పరిశీలించి తమ వ్యాసాన్ని ప్రచురించారు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు అప్పుడు ఆ జిల్లాలోనివే. పిల్లల పళ్లపై గోధుమరంగు చారలు, నడివయసులోనే బిగుసుకుపోయిన వెన్నులు, వంగని మెడలు. వీటన్నిటికీ మూలం త్రాగే నీటిలోని ఫ్లోరైడేనని వారు చూపించారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. అంతవరకు జనం చెప్పుకున్న కారణాలు వేరు. కొందరు వంశదోషమన్నారు, కొందరు శాపమన్నారు. వంశదోషమే అయితే చుట్టరికాన్ని బట్టి రావాలి. కాని ఈ జబ్బు బావిని బట్టి వస్తుంది. వేరే ఊరి నుండి ఆరోగ్యంగా కాపురానికి వచ్చిన కోడలికి కూడా ఏళ్ల తరబడి ఆ నీళ్లే త్రాగితే కీళ్లు పట్టేయవచ్చు. ఆమె పళ్లు మాత్రం తెల్లగానే ఉంటాయి. ఎందుకంటే శాశ్వత దంతాలపై పింగాణి పొర చాలావరకు ఏర్పడేది ఎనిమిదేళ్ల లోపే. ఆమె బాల్యం మరో నీటితో గడిచింది.

నీటిలోకి, ఎముకలోకి

గ్రానైటు వంటి కొన్ని రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలుంటాయి. భూగర్భజలం ఆ రాళ్ల మధ్య చాలాకాలం నిలిచి దానిని కరిగించుకుంటుంది. అందుకే చెరువు నీటిలో, వాననీటిలో సాధారణంగా తక్కువగాను, కొన్ని బోరుల్లో ఎక్కువగాను ఉంటుంది. ఒకే ఊరిలో ఒక బోరు మంచిది, మరొకటి చెడ్డది కావచ్చు.

కొద్దిపాటి ఫ్లోరైడ్ పళ్లకు మేలే చేస్తుంది. భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చు. వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 వరకు అనుమతి. అంతకు మించితే పళ్లు దెబ్బతింటాయి. 3 నుండి 6 మిల్లీగ్రాములున్న నీటిని ఏళ్ల తరబడి త్రాగితే ఎముకల జబ్బు కనబడవచ్చు. 10 దాటితే అవిటితనమే ప్రాప్తించవచ్చు. ఎండలో కష్టించేవారు ఎక్కువ నీళ్లు త్రాగుతారు గనుక వారికి ముప్పు ఎక్కువ. సరైన పోషణ లేని పిల్లలకు మరీ ఎక్కువ. ఫ్లోరోసిస్ ప్రాంతాల పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగడాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లో వెల్లడించారు.

ఒకసారి గార పట్టిన పన్ను, బిగిసిన వెన్ను మందులతో మునుపటిలా కావు. కాబట్టి నివారణే మార్గం.

మనం చేయవలసినది

మొదట నీటిని పరీక్ష చేయించండి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలు ఈ పరీక్ష చేస్తాయి. ఇంటి బోరుతో పాటు బడి బోరు, హాస్టల్ బోరు కూడా చూడాలి.

రెండవది, ఫ్లోరైడ్ ఉందని తేలితే త్రాగడానికి, వంటకు వేరే నీరు వాడండి. స్నానానికి, బట్టలుతకడానికి ఆ నీరు ఫరవాలేదు. నల్లగొండ జిల్లా ఇళ్లకు మిషన్ భగీరథ ద్వారా కృష్ణా జలాలు వస్తున్నాయి. అయితే కొళాయి రాని రోజున మళ్లీ పాత బోరు దగ్గరకే బిందె తీసుకుపోతే ప్రయోజనమేమి?

మూడవది, మామూలు క్యాండిల్ ఫిల్టరు ఫ్లోరైడ్‌ను తీయదు. సరిగా పనిచేసే ఆర్.ఓ. యంత్రం చాలావరకు తీస్తుంది. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన ‘నల్లగొండ పద్ధతి’లో సున్నం, పటిక కలిపి, తేర్చి, పై నీటిని తీసుకుంటారు. దాని కొలతలు నీటి పరీక్షను బట్టి నిర్ణయించాలి. ఉజ్జాయింపుగా చేయకూడదు.

నాలుగవది, పిల్లలకు పాలు, పెరుగు, ఆకుకూరలు, ఉసిరి, జామ వంటివి పెట్టండి. సున్నపు ధాతువు, సి విటమిన్ హానిని కొంత తగ్గిస్తాయి. అయితే ఇవి మంచినీటికి బదులు కావు.

చివరిగా ఒక మాట. పళ్ల గారను చూసి సంబంధం వదులుకునే కుటుంబాలున్నాయి. ఆ పిల్ల చేసిన తప్పేమిటి? బాల్యంలో తన ఊరి నీళ్లు త్రాగడమేగా! కారణం తెలిసిన తరువాత కూడా బాధితులనే వేలెత్తి చూపడం అన్యాయం.

కుటుంబంలో కలిసి ఆలోచించండి:

1. మన ఇంటి త్రాగునీరు ఎక్కడి నుండి వస్తున్నది? దానిని ఎప్పుడైనా పరీక్ష చేయించామా?

2. మన పిల్లలు బడిలో ఏ నీళ్లు త్రాగుతున్నారు?

3. మన వీధిలో మంచినీరు కొనుక్కోలేని ఇల్లు ఉన్నదా? వారి కొరకు పంచాయతీని ఎవరు అడుగుతారు?