పనికుక్కల పెంపకమున దగ్గర రక్తపు జతలు

మందకు కాపున్న కుక్క మంచిదైనచో కాపరికి సగము నిద్ర దక్కును. చేనికి కాపున్న కుక్క మంచిదైనచో పందుల బెడద కొంత తగ్గును. ఇట్టి కుక్క ఒకటి గ్రామమున పేరు పొందెనేని, దాని పిల్ల తనకు కావలెనని నలుగురును కోరుట సహజము. అది ముసలిదగుచుండగా, దాని గుణము దానితోనే పోవునేమో యను భయమున యజమానుడు దానిని దాని కూతురితోనో, ఒక ఈతలో పుట్టిన చెల్లెలితోనో జతకట్టించును. ఇట్లు చేయుట తగునా యని మన సంఘసభ్యులు పలుమారు అడుగుచున్నారు. ఔననిగాని కాదనిగాని ఒక్కమాటతో ప్రత్యుత్తరమిచ్చుటకు వీలులేదు. అందు జరుగు పని యెట్టిదో తెలిసినచో, అది యెవరికి తగునో యెవరికి తగదో రైతులే నిర్ణయించుకొనగలరు.

జంతువు శరీరమున జన్యువులు జంటలుగా నుండును. ప్రతి జంటలో ఒకటి తండ్రి యిచ్చినది, రెండవది తల్లి యిచ్చినది. అనేక వంశరోగముల విషయమున, జంటలో ఒకటి చెడ్డదైనను రెండవది మంచిదైనచో మంచిదే పని చేయును. అప్పుడు కుక్క పైకి ఆరోగ్యముగనే యుండును. కాని ఆ చెడుగును లోపల మోయుచు తన పిల్లలలో సగముపాళ్లకు పంచిపెట్టుచుండును. సంబంధములేని రెండు కుక్కలు ఒకే చెడుగును మోయుచుండుట అరుదు. తండ్రియు కూతురును, అన్నయు చెల్లెలును అట్లు మోయుచుండుట అరుదు కాదు. వారికి వచ్చినది ఒక్కచోటినుండియే గదా.

లెక్క చూడుడు. ఒక మగకుక్క ఒక చెడుగును మోయుచున్నది. దాని కూతురికి ఆ చెడుగు వచ్చియుండుటకు 2 పాళ్లలో 1 పాలు అవకాశము. వచ్చియున్నచో, తండ్రితో ఆమెకు పుట్టు పిల్లలలో 4 పాళ్లలో 1 పాలు రోగపు పిల్లలు. రెంటిని హెచ్చించినచో, పుట్టబోవు ప్రతి పిల్లకును 8 పాళ్లలో 1 పాలు ప్రమాదమున్నట్లు. ఇది ఒక్క చెడుగు మాట. మూడు నాలుగు చెడుగులను మోయు కుక్కకు ఒక్కొక్కదానికి ఇదే లెక్క వేరువేరుగా వేయవలెను.

రక్తపు దగ్గరతనమును కొలుచుటకు పండితులొక కొలమానము నేర్పఱచిరి. తండ్రీకూతుళ్ల జతకు, ఒకే తల్లిదండ్రుల పిల్లల జతకు పుట్టిన సంతతికి అది 4లో 1; తండ్రి మాత్రమే ఒకడైన పిల్లల జతకు 8లో 1; అన్నదమ్ముల బిడ్డల జతకు 16లో 1. మన మేనరికములకును ఈ లెక్కయే వర్తించును; మేనమామ కూతురైనచో 16లో 1, అక్క కూతురైనచో 8లో 1. కుక్కల వ్యాసమున ఈ మాట తెచ్చినందులకు పెద్దలు కోపింపకుందురు గాక. లెక్క తెలియుటకు మాత్రమే చెప్పితిని.

దీనినిబట్టి దగ్గర జత కొత్తగా చెడుగును పుట్టింపదనియు, ఉన్నదానిని రెట్టించి బయట పెట్టుననియు తెలియుచున్నది. మంచిని రెట్టించుటయు ఇట్లే. ఈ రెండవ ప్రయోజనమును చక్కగా గ్రహించినవాడు ఇంగ్లండు దేశమున లీస్టరు మండలమున డిష్లీ యను చోట వ్యవసాయము చేసిన రాబర్టు బేక్‌వెల్ (1725–1795). ఆయన తన గొఱ్ఱెలలో మేలైనవానిని వాని దగ్గర చుట్టములతోనే దాటించి, ఒక్కతీరుగ నుండి త్వరగా కండపట్టు వంగడమును స్థిరపఱచెను. మనవారు గమనింపవలసినది మఱియొకటి కలదు. ఆయన పొట్టేళ్లను అమ్ముటకు బదులు ఒక్కొక్క ఋతువునకు ఇతర రైతులకు అద్దెకిచ్చెడివాడు. వారి మందలలో పుట్టిన పిల్లలను చూచి ఏ పొట్టేలు ఎట్టిదో తెలిసికొనెడివాడు. అనగా పరీక్ష ఆయన యొక్క దొడ్డిలోనే గాక పది దొడ్లలో జరిగెను.

కుక్కలలో దీనికి సాటి యగు కథ ఇంగ్లండునకు స్కాట్లండునకు నడిమి కొండలలో గొఱ్ఱెలను మళ్లించు బార్డరు కోలీ జాతిది. నార్తంబర్లండు మండలమున ఆడం టెల్ఫరు అను నతడు 1893లో హెంప్ అను కుక్కను పుట్టించెను. తండ్రి రాయ్ సౌమ్యము, పనిలో సామాన్యము. తల్లి మెగ్ మిక్కిలి బెదురుది, కాని చూపుతోనే గొఱ్ఱెను నిలువరించునది. ఈ రెంటి పొందిక హెంప్‌లో కుదిరెను. అది మొఱుగక, కఱవక, వంగి నడచుచు మందను మళ్లించెడిది. చుట్టుప్రక్కల కాపరులందఱును దాని సంతతినే కోరుటచే నేటి బార్డరు కోలీలలో దానికి ముడిపడనిది లేదన్నను చెల్లును. 1906లో అంతర్జాతీయ గొఱ్ఱెకుక్కల సంఘము ఏర్పడి వంశావళులను వ్రాయించసాగెను. 1963లో పుట్టి 1965లో అంతర్జాతీయ పందెమున ప్రథమ స్థానము పొందిన విస్టన్ కాప్ అను కుక్క వంశావళిలో, విల్సన్ అను ప్రసిద్ధ కాపరి కుక్కయైన కాప్ పేరు మాటిమాటికి కనబడును. ఒక్క మేలైన పూర్వికుని చుట్టు వంశమును త్రిప్పుట దగ్గర జతలో మెత్తని పద్ధతి. దానిచే పని గుణము నిలిచిన మాట వాస్తవము.

అయితే వెల యేమి? ఆ జాతిలో 2005లో జన్యుమూలము బయటపడిన ఒక నరముల రోగము కలదు. తల్లిదండ్రులిరువురును మోయుచున్నప్పుడే అది పిల్లకు వచ్చును. పిల్ల పుట్టినప్పుడు నిక్షేపముగ నుండును. పని నేర్చును. ఏడాది దాటిన పిమ్మట ఊరక బెదరును, దారి తప్పును, నడక తడబడును, చూపు పోవును. మూడేండ్లు నిండుట అరుదు. కాపరికి ఇందలి నష్టము నాలోచింపుడు. ఒకటిన్నర సంవత్సరము మేపి, నేర్పి, మందలో దింపిన పిమ్మట చేతికి వచ్చిన పనివాడు పోయినట్లు. అంతకుముందే ఆ కుక్క తోబుట్టువులు పది యిండ్లలో పిల్లలను పెట్టియుండును. పేరుపడిన ఒక్క మగకుక్కయే వందలకొలది పిల్లలకు తండ్రియైనచో, దాని లోపలి చెడుగు ఒక తరములోనే దేశమంతట పాకును. దగ్గర జత కట్టమని ఎవరు ఒట్టు పెట్టుకొన్నను, రెండు తరముల పిమ్మట దూరపు కుక్క దొరకదు.

ఇప్పుడు లాలాజలమునుగాని రక్తమునుగాని పరీక్షించి, ఇట్టి రోగమును మోయు కుక్కను గుర్తింపవచ్చును. మోయుకుక్కను శుద్ధమైన కుక్కతోనే జతకట్టించినచో రోగపు పిల్ల పుట్టదు. మోయువానినన్నిటిని ఒక్కసారి తొలగించుట తప్పు; వంశము ఇంకను ఇఱుకగును. కాని పరీక్ష పేరు తెలిసిన రోగములకే యుపయోగించును. ఈతలో పిల్లల సంఖ్య తగ్గుట, పుట్టిన వారములోనే పిల్లలు చచ్చుట, చూలు నిలువకుండుట, మగపిల్లకు వృషణము దిగకుండుట మొదలైన క్షీణతలు ఒక్క జన్యువు పని కావు. వానికి కన్నులే పరీక్ష.

ఒక ఈత బాగుగనే యున్నదని నమ్మరాదు. తల్లిదండ్రులిరువురును ఒక చెడుగును మోయుచున్నను, 6 పిల్లల ఈతలో ఒక్కటియు రోగగ్రస్తము కాకుండుటకు నూటికి సుమారు 18 పాళ్లు అవకాశము కలదు. "నేను అన్నాచెల్లెండ్రను కట్టించితిని, ఏమియు కాలేదు" అనువారు ఈ 18లోనివారు కావచ్చును.

జాతియంతయు ఒకే చెడుగుతో నిండినచో లోపల వెదకి లాభములేదు. గుఱ్ఱపుబండ్ల వెంట పరుగెత్తుటకు పెంచిన డాల్మేషను కుక్కలలో మూత్రమున రాళ్లు కట్టించు లోపము జాతికంతటికి నిలిచిపోయెను. అమెరికాలో రాబర్టు షైబిల్ అను శాస్త్రజ్ఞుడు 1973లో ఒక్కమారు పాయింటరు కుక్క రక్తమును కలిపి, పిమ్మట తరతరమును డాల్మేషనులతోనే కట్టించి, లోపములేని వంశమును నిలిపెను. చుక్కలు పోవునని వాదించినవారు చాలకాలము దానిని వెలివేసిరి. 2011లో అమెరికా కెన్నెల్ సంఘము దానిని తన పట్టికలో చేర్చుకొనెను.

మన రైతులకు సంకర మొక్కజొన్న విత్తనము తెలియును. దానికి మూలమైన వంగడములను ఒక మొక్క పుప్పొడిని ఆ మొక్కకే తగిలించుచు పలు తరములు పెంచుదురు. మొక్క గిడసబాఱును, కండె చిన్నదగును. అట్టి వంగడములలో అధికభాగమును పాఱవైచి, మిగిలిన మేలైనవానిని ఒకదానితోనొకటి కలిపినప్పుడే ఆ బలమైన విత్తనము వచ్చును. పాఱవేయగలవానికే దగ్గర జత లాభము. ఒక్క ఆడుకుక్కయు ఏటికి ఒక ఈతయు గల రైతు ఏమి పాఱవేయగలడు? కావున ఇంటికొక కుక్కగల మన సభ్యులు తండ్రీకూతుళ్లను, తోబుట్టువులను కట్టింపకుండుటయే మేలని నా నిశ్చయము. గుణమును నిలుపవలెనన్నచో అదే పనిలో పేరుగన్న పొరుగూరి కుక్కను తెచ్చుకొనుడు. రంగు కుదరకపోయినను విచారింపకుడు. లోపమున్న పిల్లను చంపనక్కఱలేదు. పశువైద్యశాలలో వృషణములు తీయించినచో అది కాపలాకు పనికివచ్చును, వంశమునకు రాదు.

ఇది తలంపుతో కట్టించుటను గూర్చిన మాట. తలంపులేకయు జరుగును. కుక్కపిల్ల ఆఱు నెలలు మొదలు ఏడాదిలోపల ఎదకు వచ్చును. ఎద సుమారు మూడు వారములుండును. తండ్రియు అన్నలును ఆ యింటనే తిరుగుచుందురు. కావున నెత్తురు కనబడిన దినము మొదలు ఆడుదానిని లోపల కట్టివేయవలెను. గొఱ్ఱెలలోనైనచో, పొట్టేలు కూతుళ్లు దాటునకు రాకమునుపే, అనగా రెండేండ్లకొకసారి, పొట్టేలును మార్చవలెను.

సంఘ కార్యాలయమున ఒక పుస్తకము పెట్టి, ఈత తేదీ, తల్లి, తండ్రి, వారి తల్లిదండ్రులు, పుట్టిన పిల్లలెన్ని, బ్రతికినవెన్ని, ఏడాదికి రెండేండ్లకు వాని పని యెట్లున్నది అనునవి వ్రాయుడు. చచ్చిన పిల్లలను వ్రాయుట మఱువకుడు; మనవారు మంచివానినే వ్రాయుదురు. ఒక ఎదలో రెండు మగకుక్కలు కలిసినచో ఒకే ఈతలో ఇద్దఱు తండ్రుల పిల్లలు పుట్టవచ్చును. అట్టి యీతకు తండ్రి గడిలో రెండు పేర్లును వ్రాసి, ఆ పిల్లలను ఆ యిద్దఱికిని కూతుళ్లుగనే యెంచవలెను.