ఒడ్డుగోడ యెందుకు పడును?

విద్యార్థులారా, మన తాండూరునకు సముద్రము లేదు. తూర్పుతీరమున అలల తాకిడికి ఇండ్లు కూలుచున్నవని వార్తాపత్రికలో వచ్చినప్పుడు, అది మనకు సంబంధింపని సంగతి యని మీలో కొందరు పుట త్రిప్పివేయుట నేను చూచితిని. కాని నీరు ఒడ్డును తినెడు విధము కాగ్నానది యొడ్డునను, ఉప్పాడ తీరమునను చాలవఱకు ఒకటియే. దానిని నేను పుస్తకములలో చదువుటకు ముందు నా పెరటిలోనే నేర్చుకొంటిని. అందులకు తగిన మూల్యమును చెల్లించితిని.

మా యింటి వెనుక కాగ్నాలో కలియు నొక చిన్న వాగు కలదు. ప్రతి వానకాలమునందు అది మా పెరటిని కొంచెము కొంచెముగా కొఱుకుచు, వంటయింటికి అయిదు మీటరుల దూరమునకు వచ్చెను. అంతట నేను రెండు మీటరుల యెత్తున గోడ కట్టించితిని. రాతికి మన యూర కొఱత లేదు గదా! గనులనుండి పలకలు పలకలుగా వచ్చు నాపరాతి బండలను తెప్పించి, సిమెంటుతో సందు లేకుండ అతికించి, వెనుకభాగమున వాగు ప్రక్కన త్రవ్విన నల్లరేగడి మట్టినే నింపితిమి. నీటిచుక్క చొరదని నేను మిక్కిలి సంతోషించితిని. రెండవ యేట మూడుదినములు ముసురు పట్టెను. నాలవనాటి వేకువకు గోడ నడుమ కడుపు ఉబ్బినట్లు ముందునకు వంగెను. ప్రొద్దెక్కునప్పటికి సగము వాగులో పడియుండెను. ఇందు వింత యేమనగా, వాగు పొంగి పాఱిన రాత్రి గోడకు ఏమియు కాలేదు. వాన వెలిసి, వాగు తీసిన పిమ్మటనే అది పడినది.

ఇది యేల జరిగెనో లెక్కచే తెలిసికొందము. ఒక ఘనపు మీటరు నీటి బరువు 1000 కిలోగ్రాములు. గోడ వెనుక ఒక మీటరు లోతున నీరు నిలిచినచో, గోడయొక్క ప్రతి మీటరు పొడవునకు 500 కిలోగ్రాముల త్రోపు కలుగును. రెండు మీటరుల లోతైనచో అది 1000 కాదు, 2000 అగును. మూడు మీటరులైనచో 4500. లోతు రెండింతలైన త్రోపు నాలుగింతలగును. ఆ త్రోపు అడుగునుండి మూడవవంతు ఎత్తున పనిచేయును గనుక, గోడను బోర్లద్రోయు బలము ఎనిమిదింతలగును. వాగు నిండియున్నప్పుడు ముందరి నీరు వెనుకటి నీటికి ఎదురు నిలిచి గోడను కాపాడెను. వాగు తీయగానే ముందరి ఆసరా పోయెను. వెనుకటి నీరు మాత్రము మట్టిలో చిక్కుపడి యుండెను. సముద్రతీరమున ఆటుపోటుల వలన ఈ కష్టము గోడకు ప్రతిదినమును కలుగుచుండును. పోటువేళ కంటె ఆటువేళనే గోడకు అపాయ మెక్కువ యనుమాట మొదట వినువారికి నమ్మశక్యము కాదు.

నేను చేసిన రెండవ తప్పు నల్లరేగడి. కందిపంటకు ఆ నేల బంగారమే కాని, గోడ వెనుక నింపుటకు పనికిరాదు. తడిసినచో ఉబ్బును, ఎండినచో నెఱ్ఱెలు విచ్చును. నీటిని పట్టుకొని విడువదు. పడిన గోడను మరల కట్టుటకు వచ్చిన మేస్త్రి చదువుకొన్నవాడు కాడు. అయినను మట్టిని చేతితో పిసికి చూచి, “సారూ, ఈ మన్ను వద్దు, మొరము పోయించుండ్రి” అనెను. నేను శిక్షణకళాశాలలో నేర్చిన భౌతికశాస్త్రము ఆ నిమిషమున నాకు జ్ఞప్తికి రాలేదని ఒప్పుకొనుటకు సిగ్గుపడుచున్నాను.

రెండవమాఱు కట్టినప్పుడు గోడకు వాగుమట్టము పైన వరుసగా తూములు విడిచితిమి. ప్రతి తూము వెనుక పెద్ద కంకర, దాని వెనుక చిన్న కంకర, ఆ వెనుక ఇసుక, పిమ్మట మొరము పోసితిమి. ఈ క్రమమున నీరు బయటికి వచ్చును, మట్టి రాదు. ఈ కాలమున కంకరకును మట్టికిని నడుమ వడపోత గుడ్డను పఱచు ఆచారము గూడ కలదు. తూము మాత్రము పెట్టి వడపోతను మఱచినచో, నీటితోపాటు మట్టియు కాఱిపోయి గోడ వెనుక బోలు ఏర్పడును. ఒకనాడు నేల క్రుంగును. ఇక పునాదిని వాగు అడుగుకంటె ఒక మీటరు లోతునకు దింపి, గోడ పాదము ముందు పెద్దరాళ్లు పేర్చితిమి. ఎందుకనగా గోడకు తగిలిన ప్రవాహము క్రిందికి మరలి పాదము వద్ద నేలను తవ్వును. పాదము తేలిపోయిన గోడ యెంత లావుగా నున్నను నిలువదు.

సముద్రపుటొడ్డున రాతిగోడకు బదులు కొయ్య, ఉక్కు, లేక కాంక్రీటు పలకలను ఇసుకలో లోతుగా దిగగొట్టి నిలుపుటయు కలదు. అట్టి పలకగోడ పైభాగమును ఇనుపకడ్డీలతో లోపలి నేలలో పాతిన దిమ్మలకు కట్టుదురు. దిమ్మలు గోడకు మిక్కిలి దగ్గఱగా నుండరాదు; జారెడు మట్టితోపాటు అవియు జారును. ఉప్పుగాలికి కడ్డీ తుప్పుపట్టి తెగినచో, పైకి చక్కగా కనబడు గోడయే ఒక్కసారి ముందునకు వ్రాలును.

నా రెండవ గోడ నిలిచినది. ఆ సంవత్సరమే దిగువనున్న పొరుగువారి ముసలమ్మ వచ్చి, “సారూ, నీ గోడ మంచిగనే ఉన్నది, నా కూరగాయల మడి పోతున్నది” అనెను. పోయి చూచితిని. గోడ ముగిసిన చోట ప్రవాహము మలగి, ఆమె మడిలో రెండు మీటరుల మేర కోసివేసినది. నా పెరటిని తినలేని నీరు ఆమె మడిని తినెను. ఆమె కోపముతో మాటలాడలేదు. అదియే నన్ను మఱింత బాధించినది.

సముద్రతీరమున ఇదియే పెద్దదిగా కనబడును. మన తూర్పుతీరమున అలలు ఇసుకను సంవత్సరములో ఎక్కువభాగము దక్షిణమునుండి ఉత్తరమునకు నడుపును. విశాఖపట్టణమున 1933వ సంవత్సరమున ఓడరేవు తెఱవబడినది. రేవుముఖమును కాపాడుటకు జానస్, వెల్లెస్డన్ అను రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచి అలలకు అడ్డు కట్టిరి. ఉత్తరమునకు పోవలసిన ఇసుక అచ్చట ఆగును. నగరతీరమునకు అది కొఱతపడును. అందుచేత ఆగిన ఇసుకను త్రవ్వి ఉత్తరపు తీరమున పోయు ఏర్పాటు అవసరమైనది. కాకినాడకు ఉత్తరమున జమదానీ చీరలకు పేరుపొందిన ఉప్పాడలో సముద్రము ఇండ్లను, బీచిరోడ్డును ఎన్నో పర్యాయములు తీసికొన్నది. అచ్చట బండరాళ్లు పేర్చిరి. ఇసుకతో నింపిన పెద్ద గొట్టపుసంచులను గూడ తీరము వెంబడి పఱచిరి. తుఫానులలో రాళ్లు జాఱినవి, సంచులు చినిగినవి, రోడ్డు మరల తెగినది. నిట్టనిలువు గోడకు కొట్టిన అల వెనుకకు మరలి పాదముననున్న ఇసుకను లాగికొనిపోవును, తీరము లోతగును, లోతైనచోటికి మఱింత పెద్ద అల వచ్చును. కావున గోడ ముందు వాలుగా రాళ్లు పోయుదురు. నీటిలో మునిగిన రాయి తన బరువులో సుమారు అయిదింట రెండువంతులు కోల్పోవును గనుక, ఆ రాళ్లు మనము గట్టుమీద ఊహించు దానికంటె చాల పెద్దవి కావలెను.

గోడ యొక్కటే చాలదనుటకు మన వికారాబాదు కొండలలో పుట్టిన మూసీయే సాక్షి. 1908 సెప్టెంబరు 28వ తేదీన ఆ నది హైదరాబాదులో వేలకొలది ప్రాణములను హరించెను. పిమ్మట వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ఒడ్డుగోడలతోనే తృప్తిపడక, వఱదను ఎగువనే ఆపవలెనని సలహా యిచ్చిరి. ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను సిద్ధమైనవి. నేను గూడ ఈ విషయమును తలచి, ముసలమ్మగారి మడివఱకు గోడను పొడిగించి, దాని కొసను నిలువుగా ఆపక గట్టులోనికి వంచి చొప్పించితిని. అక్కడనుండి దిగువకు రాళ్లు వాలుగా పేర్చి, సందులలో వెదురు నాటించితిమి.

ఈ వానకాలము గడచిన పిమ్మట తొమ్మిదవ తరగతి బాలురు నాతో వచ్చి గోడను పరీక్షించిరి. ఒకడు త్రాడుపట్టి వంపు చూచెను; ఒకడు గోడ వెనుక నేలను కఱ్ఱతో తట్టి బోలు వెదకెను; ఒకడు వాగులో దిగి పాదము తడవి చూచెను. అన్ని తూములనుండి తేటనీరు కాఱుచున్నది. పడమటి కొసనుండి మూడవ తూమున మాత్రము నీరు బురదగా వచ్చుచున్నది. ఆ చోట వడపోత చెడినదని తోచుచున్నది. వేసవిలో వాగు ఎండగానే అచ్చట త్రవ్వి, కంకరను తీసి మరల పోయవలెను.