పాలపళ్ళకు ఏ డాక్టరు?

ఒకప్పుడు తెనాలి లాంటి ఊళ్ళో పళ్ళ డాక్టరంటే ఒకరో ఇద్దరో. తాతకు కట్టుడుపళ్ళు పెట్టిన చెయ్యే మనవడి పాలపన్నూ పీకేది. ఇప్పుడు వీధికి రెండు బోర్డులు. ఒకదాని మీద కుటుంబమంతా పళ్ళికిలిస్తూ ఉంటుంది, ఇంకోదాని మీద బ్రష్ పట్టుకున్న ఏనుగుపిల్ల. "పిల్లాణ్ణి ఎటు తీసుకెళ్ళమంటారు అత్తయ్యా?" అని మా కోడళ్ళు అడుగుతారు, పక్కింటి అమ్మాయిలూ అడుగుతారు. నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషిని, డాక్టర్ని కాను. పిల్లల్నీ మనవల్నీ ఆ కుర్చీ ఎక్కించిన అనుభవమూ, డాక్టర్లను గుచ్చి గుచ్చి అడిగి తెలుసుకున్న సంగతులూ కలిపి చెబుతున్నాను.

1. "ఎలాగూ ఊడేవే కదా" అన్న మాట ముందు మానెయ్యండి

పాలపళ్ళు 20. ముందు పళ్ళు ఆరేడేళ్ళకు ఊడతాయి, నిజమే. వెనక దవడపళ్ళు మాత్రం పది, పన్నెండేళ్ళ దాకా ఉండాల్సినవి. నాలుగేళ్ళ పిల్లకు దవడపన్ను పుచ్చిందంటే, అది ఇంకా ఆరేడేళ్ళు అన్నం నమలాల్సిన పన్ను. పీకించేస్తే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. కింద తయారవుతున్న అసలు పన్నుకు చోటు చాలక వంకరగా వస్తుంది, లేదా లోపలే ఇరుక్కుంటుంది. తప్పనిసరై పీకినప్పుడు ఆ చోటు పోకుండా చిన్న తీగ లాంటిది బిగిస్తారు. స్పేస్ మెయింటైనర్ అంటారు దాన్ని. దవడపన్ను పీకి, తీగ ఊసే ఎత్తకుండా పంపించేస్తుంటే ఎందుకు అక్కర్లేదో అడగండి. కొన్నిసార్లు నిజంగానే అక్కర్లేదు, కింది పన్ను పైకి వచ్చేస్తూ ఉంటుంది. కానీ ఆ మాట ఎక్స్‌రే చూపించి చెప్పాలి.

పాలపంటికి విలువ లేదనుకునే ఇంట్లో ఎంత పెద్ద స్పెషలిస్టు దగ్గరికి తీసుకెళ్ళినా ఒకటే, అందుకే దీన్ని మొదట పెట్టాను.

2. బోర్డు మీద బొమ్మలు కాదు, బ్రాకెట్లో ఏముందో చదవండి

బి.డి.ఎస్. అంటే నాలుగేళ్ళ చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. పిల్లల పళ్ళ గురించి అందులోనూ నేర్పుతారు. ఎం.డి.ఎస్. అంటే ఆ పైన మరో మూడేళ్ళు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఎం.డి.ఎస్.లో తొమ్మిది శాఖలున్నాయి. చిగుళ్ళకు ఒకటి, కట్టుడుపళ్ళకు ఒకటి, వంకరపళ్ళు సరిచెయ్యడానికి ఒకటి, దవడ ఆపరేషన్లకు ఒకటి, ఇలాగ. పిల్లల పళ్ళకూ వేరే శాఖ ఉంది, దాన్ని పీడోడాంటిక్స్ అంటారు. ఎం.డి.ఎస్. అన్న మూడక్షరాలు చూసి పిల్లల స్పెషలిస్టే అనుకుని వెళితే, అక్కడున్నాయన చిగుళ్ళ నిపుణుడు కావచ్చు. ఆయన తప్పేమీ లేదు, మనం చదవలేదంతే. గోడ నిండా కార్టూన్ బొమ్మలు ఎవరైనా వేయించుకోవచ్చు.

3. చాలా పనులకు మీ ఇంటి డాక్టరే చాలు

ఆరు నెలలకోసారి చూపించుకోవడం, చిన్న పుచ్చుకు సిమెంట్ పెట్టించడం, ఫ్లోరైడ్ పూత, దవడపళ్ళ మీది లోతు గాళ్ళను పుచ్చు పట్టకుండా పూడ్చడం, ఊగుతున్న పాలపన్ను తీయడం. కుర్చీలో కుదురుగా కూర్చునే ఆరేళ్ళు దాటిన పిల్లకు ఇవన్నీ మామూలు పళ్ళ డాక్టరు చక్కగా చేస్తారు. ఏటా మీరు వెళ్ళే డాక్టరైతే ఇంకో లాభం. ఆయనకు మీ ఆయన నోరూ తెలుసు, మీ నోరూ తెలుసు. తండ్రి దవడ ఇరుకు, పళ్ళు ఒకదాని మీదొకటి వచ్చాయని తెలిసినవాడు కొడుకు నోరు ఆ కంటితోనే చూస్తాడు.

పైగా దగ్గర. పంటి వైద్యం ఒక్కసారితో తేలేది కాదు. రెండు బస్సులు మారి వెళ్ళాల్సిన చోటయితే మూడోసారికి మానేస్తారు. సగంలో ఆపిన వైద్యం కంటే దగ్గర్లో పూర్తయ్యే వైద్యం మేలు. ఈ మాట నగరంలో ఉన్నవాళ్ళకు అంతగా పట్టదు గానీ పల్లెల్లో అసలు లెక్క ఇదే.

4. స్పెషలిస్టు తప్పని చోట్లు కొన్ని ఉన్నాయి

మొదటిది వయసు. మూడేళ్ళ లోపు పిల్లకు నాలుగైదు పళ్ళు ఒక్కసారి పుచ్చితే, అది పిల్లల పళ్ళ డాక్టరు పనే. రాత్రి పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లలకు పై వరస ముందు పళ్ళు గోధుమరంగు తిరిగి విరిగిపోతుంటాయి, చూసే ఉంటారు. అంత చిన్న పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి డ్రిల్లు పెట్టడం ఎవరివల్లా కాదు. స్పెషలిస్టు దగ్గర వేరే దారులుంటాయి. సిల్వర్ డయామీన్ ఫ్లోరైడ్ అని ఒక మందుంది. పుచ్చు మీద పూస్తే పుచ్చు ముదరడం ఆగుతుంది, కాకపోతే పూసినచోట నల్లగా అవుతుంది. "నల్లబడితే ఎలా?" అని తల్లులు జంకుతారు. మూడేళ్ళ పిల్లను కట్టిపడేసి చేయించడం కంటే నల్లమచ్చ నయమని నా అభిప్రాయం. దవడపంటికైతే కొన్ని సందర్భాల్లో డ్రిల్లు, సూది లేకుండానే స్టీలు క్యాపు తొడిగే పద్ధతి కూడా ఉంది. స్కాట్లండ్‌లో నోర్నా హాల్ అనే దంతవైద్యురాలు మొదలుపెట్టినది.

రెండోది పుచ్చు నరం దాకా వెళ్ళడం. రాత్రిళ్ళు నొప్పితో లేవడం, చిగురు మీద చీముపొక్కు రావడం దాని గుర్తులు. పాలపంటి రూట్ కెనాల్, పెద్దవాళ్ళ రూట్ కెనాల్ ఒకటి కావు. పెద్దవాళ్ళ పంటి వేరులో నింపే గట్టాపర్చా అనే పదార్థం అలాగే ఉండిపోతుంది, ఉండాలి కూడా. పాలపంటి వేరు అలా కాదు, కింది పన్ను పైకి వస్తున్న కొద్దీ కరిగిపోతుంది. కాబట్టి వేరుతోపాటు కరిగే మందే లోపల నింపాలి. అదయ్యాక దవడపన్ను పెళుసుబారి విరక్కుండా పైన క్యాపు తొడగాలి. ఈ స్టీలు క్యాపులు పిల్లల సైజుల్లో తయారుగా దొరుకుతాయి. ఇలాంటివి రోజూ చేసే చేతికీ, ఎప్పుడో ఒకసారి చేసే చేతికీ తేడా ఉంటుంది.

మూడోది పిల్లవాడి ఒంటి సంగతి. గుండెజబ్బు, రక్తం గడ్డకట్టని జబ్బు, మూర్ఛ, ఆటిజం, ఎదుగుదల ఆలస్యం, వీటిలో ఏదున్నా మొదటే పీడోడాంటిస్ట్ దగ్గరికి వెళ్ళండి. పిల్లల డాక్టరు రాసిన కాగితాలు వెంట తీసుకెళ్ళండి.

5. "నేను చెయ్యను, ఫలానా చోటికి వెళ్ళండి" అనే డాక్టర్ని వదులుకోకండి

మా చిన్న మనవడికి కింది దవడపన్ను పుచ్చితే మేమెప్పుడూ వెళ్ళే డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళాం. ఎక్స్‌రే తీసి చూసి, "అమ్మా, పని నాకు రాక కాదు. మీవాడు నా దగ్గర అరగంట నోరు తెరిచి ఉండడు. వాణ్ణి భయపెట్టి చేస్తే ఇంక జన్మలో పళ్ళ డాక్టరు గడప తొక్కడు. గుంటూరులో నాకు తెలిసిన పిల్లల పళ్ళ డాక్టరుకు రాసిస్తాను" అన్నాడు. ఫీజు కూడా తీసుకోలేదు. మా కోడలికి మొదట కోపం వచ్చింది, ఇంత దూరం వచ్చాక తిప్పి పంపుతాడేమిటని. నాకైతే ఆరోజే ఆయన మీద గౌరవం పెరిగింది.

ఏ డాక్టర్ని ఎంచుకోవాలన్న ప్రశ్నకు నా జవాబు అసలు ఇదే. మంచి ఇంటి డాక్టర్ని ముందు వెతుక్కోండి. స్పెషలిస్టు ఎప్పుడు అవసరమో ఆయనే చెబుతాడు. ఎప్పుడూ ఎవరి దగ్గరికీ పంపని డాక్టరుంటే కాస్త ఆలోచించండి.

నగరాల్లో ఇంకో ఏర్పాటు ఉంది. మామూలు క్లినిక్కులకే వారంలో ఒకటి రెండు రోజులు పిల్లల స్పెషలిస్టు వచ్చి వెళుతుంటారు. ఏ రోజు వస్తారో కనుక్కుంటే అలవాటైన చోటే, అలవాటైన కుర్చీలోనే పని జరిగిపోతుంది. అడగందే ఎవరూ చెప్పరు.

6. మొదటిసారి నొప్పితో తీసుకెళ్ళకండి

మొదటి పన్ను వచ్చాక ఆరు నెలల్లో, ఏడాది నిండేలోపు ఒకసారి చూపించమని పిల్లల దంతవైద్యులు చెబుతారు. మన ఇళ్ళల్లో ఇది విని నవ్వుతారు. రెండు పళ్ళకు డాక్టరెందుకంటారు. ఆ మొదటి రాకలో చేసేదేమీ ఉండదు. తల్లి ఒళ్ళో కూర్చోబెట్టి నోరు చూసి, పాలసీసా గురించీ, బ్రష్ గురించీ నాలుగు మాటలు చెప్పి పంపిస్తారు. పేస్టు మూడేళ్ళ దాకా బియ్యపుగింజంత, ఆ తరవాత ఆరేళ్ళ దాకా బఠాణీగింజంత చాలని చెబుతారు. టీవీ ప్రకటనలో బ్రష్ పొడవునా పిండిన పేస్టు చూసి మోసపోకండి.

డాక్టరు పిల్లవాడితో మాట్లాడే తీరు ఆ రోజే తెలిసిపోతుంది. పిల్లల పళ్ళ డాక్టర్లకు నేర్పే పద్ధతి ఒకటుంది. ఏం చేయబోతున్నారో ముందు పిల్లకు అర్థమయ్యే మాటల్లో చెబుతారు, తరవాత ఆ పనిముట్టును గోటి మీద తిప్పి చూపిస్తారు, ఆ తరవాతే నోట్లో పెడతారు. ఈ ఓపిక డిగ్రీతోనే రావాలని లేదు. ఉన్న ఇంటి డాక్టర్లు ఉన్నారు, లేని స్పెషలిస్టులూ ఉంటారు.

ఇక మన వైపు సంగతి. "అల్లరి చేస్తే డాక్టరు చేత సూది వేయిస్తా" అని ఇంట్లో బెదిరించి, అక్కడికెళ్ళాక "నొప్పుండదు నాన్నా" అంటే ఏ పిల్లాడు నమ్ముతాడు? అమ్మమ్మలకూ నాయనమ్మలకూ మరీ చెబుతున్నాను. మీ కాలం నాటి పన్ను పీకుడు కథలు పిల్లల ముందు విప్పకండి. పన్నుకు మత్తుసూది వేశాక ఇంటికొచ్చి రెండు మూడు గంటలు కనిపెట్టుకుని ఉండండి. మొద్దుబారిన పెదవిని తెలియక కొరికేసుకుంటారు.

7. పూర్తిగా మత్తిచ్చి చేస్తామంటే

చాలా పళ్ళు పాడైన పసిపిల్లలకు ఇది అవసరమే కావచ్చు. మత్తు ఎవరిస్తారు, ఎక్కడ చేస్తారు, ఎన్ని గంటలు పస్తుంచాలి, ఈ మూడూ అడగండి. మత్తు డాక్టరు వేరే ఉండాలి, ఆసుపత్రి వసతి ఉండాలి. లాఫింగ్ గ్యాస్ వేరు. దానికి పిల్లవాడు మెలకువగానే ఉంటాడు, భయం తగ్గుతుందంతే.

8. ఊళ్ళో స్పెషలిస్టు లేకపోతే

డెంటల్ కాలేజీలను మరిచిపోకండి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ ప్రభుత్వ దంత కళాశాలలున్నాయి. భీమవరం, నెల్లూరు, ఖమ్మం లాంటి చోట్ల ప్రైవేటువి ఉన్నాయి. ఎం.డి.ఎస్. చదివించే కాలేజీలో పిల్లల పళ్ళకు ప్రత్యేక విభాగం ఉంటే, పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల కనుసన్నల్లో వైద్యం చేస్తారు. బయటకంటే ఖర్చు బాగా తక్కువ. పని నిదానంగా సాగుతుంది, రెండు మూడు సార్లు తిప్పుతారు. కూలిపని పోగొట్టుకుని తిరగడం అందరికీ కుదరదు, అదీ నిజమే.

9. ఎవరి దగ్గరికీ పరుగెత్తక్కర్లేనివి

పై పళ్ళు ముందొస్తే మేనమామకు గండమంటారు. మేనమామలు నిశ్చింతగా ఉండొచ్చు. ఆరేళ్ళ పిల్లకు కింద పాలపన్ను ఊడకముందే వెనక కొత్త పన్ను కనిపిస్తే రెండు వరసలొచ్చాయని కంగారుపడతారు. ఎక్కువసార్లు నాలుక తోపుడుకే కొత్త పన్ను ముందుకొస్తుంది, పాతది ఊడుతుంది. పాతది ఊగకుండా గట్టిగా ఉంటేనే చూపించండి. ఎనిమిదేళ్ళకు పై ముందు పళ్ళ మధ్య సందు కూడా అంతే. కోరపళ్ళు దిగాక చాలామందిలో మూసుకుపోతుంది. ఈలోపే తీగలు బిగించేద్దామనే తొందర వద్దు.

10. ఆరేళ్ళకు వచ్చే దవడపన్ను పాలపన్ను కాదు

ఏ పన్నూ ఊడకుండానే వరస చివర కొత్తగా వస్తుంది కాబట్టి ఇది కూడా పాలపన్నేననుకుంటారు. జీవితాంతం ఉండాల్సిన మొదటి దవడపన్ను అది. దానికే ఎక్కువగా పుచ్చు పడుతుంది. రెండు దవడల్లో అటొకటి ఇటొకటి, మొత్తం నాలుగు. వాటి గాళ్ళు పూడ్పించడం ఇంటి డాక్టరు చేత అయ్యే పనే.

11. దెబ్బ తగిలినప్పుడు ఎంపిక లేదు

సైకిలు మీద నుంచి పడి అసలు పన్ను వేరుతో సహా ఊడొస్తే, తెరిచి ఉన్న ఏ పళ్ళ డాక్టరైనా స్పెషలిస్టే. పంటిని పైభాగం పట్టుకోండి, వేరు తాకకండి, రుద్ది కడగకండి. పాలలో వేసి గంటలోపు, వీలైతే అరగంటలోపు వెళ్ళండి, తిరిగి అతికించే వీలుంటుంది. ఊడింది పాలపన్నయితే తిరిగి పెట్టరు, పెట్టకూడదు. అయినా డాక్టరుకు చూపించండి, కింది పన్నుకు దెబ్బ తగిలిందేమో చూడాలి.

12. నల్లగొండ, ప్రకాశం జిల్లాల వాళ్ళకు ఒక మాట

మన దేశంలో నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బును మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. పంటి మీద సున్నపుమచ్చలు, గోధుమ గీతలు దాని గుర్తులు. అది పుచ్చు కాదు, రుద్దితే పోదు. పన్ను దవడలో తయారవుతున్నప్పుడే పడే మచ్చ అది. కాబట్టి చిన్నప్పటి నీళ్ళే ముఖ్యం. ఆ ప్రాంతంలో ఏళ్ళ తరబడి పనిచేసిన మామూలు డాక్టరుకు ఈ మచ్చల గురించి ఉండే అవగాహన కొత్తగా వచ్చిన స్పెషలిస్టుకు ఉండకపోవచ్చు. ఏ పేస్టు వాడాలో కూడా ఆయన్నే అడగండి.

13. ఎప్పుడు మారాలి

పన్నెండు, పదమూడేళ్ళకు జ్ఞానదంతాలు తప్ప మిగతావన్నీ వచ్చేస్తాయి. ఆ తరవాత ఏనుగుపిల్ల బొమ్మల గదిలో కూర్చోవడానికి పిల్లలే సిగ్గుపడతారు. మళ్ళీ ఇంటి డాక్టరు దగ్గరికి తీసుకురండి. వచ్చేముందు పాత క్లినిక్కులో ఎక్స్‌రేలూ, ఏ పంటికి ఏం చేశారో రాసిన కాగితమూ అడిగి తీసుకోండి. ఫోనులో ఫొటో తీసి ఉంచినా చాలు.