చిక్కిపోయిన బిడ్డకు థైరాయిడ్ మాత్ర వేయాలా?

ప్రశ్న: మేం ఇల్లినాయి రాష్ట్రం అరోరాలో ఉంటాం. ఆదిలాబాద్‌లో మా చెల్లెలి కొడుకు, ఏడాదిన్నర వాడు, బాగా చిక్కిపోయి ఆసుపత్రిలో ఉన్నాడు. టీ3 తక్కువ, టీఎస్‌హెచ్ మామూలుగా ఉందన్నారు. ఇక్కణ్నుంచి మాత్రలు పంపమంటారా?

జవాబు: పంపకండమ్మా. థైరాయిడ్ గ్రంథి చెడిపోయిందని ఆ రిపోర్టు చెప్పడం లేదు. తిండి అందనప్పుడు ఒళ్లు పొదుపు మొదలుపెడుతుంది. టీ4 అనే థైరాయిడ్ హార్మోన్‌ను చురుకైన టీ3గా మార్చడం తగ్గించి, ఉన్న కాస్త శక్తినీ కాపాడుకుంటుంది. బిడ్డ మందకొడిగా, చల్లగా ఉండటానికి ఇదీ ఒక కారణమే. ఇప్పుడు మాత్ర వేస్తే కట్టెలు లేని పొయ్యిలో మంట పెంచమన్నట్టే. గుండె మీద భారం.

అసలు మందు తిండే. ఆసుపత్రిలో మొదట ఎఫ్-75 అనే చికిత్స పాలు రెండు మూడు గంటలకోసారి, రాత్రిళ్లు కూడా, కొద్దికొద్దిగా పడతారు. ఆకలి తిరిగొచ్చాక ఎఫ్-100కి మారుస్తారు. జాలిపడి ఇంట్లోవాళ్లు ఎక్కువ పట్టకూడదు, ఒక్కసారిగా పెడితే ప్రాణం మీదికొస్తుంది. తలకు టోపీ, తల్లి ఒంటి వెచ్చదనం కావాలి. బరువు పుంజుకుంటే టీ3 మామూలుగా దానంతటదే పెరుగుతుంది. అప్పుడు మళ్లీ పరీక్ష చేయించండి.

మీ దగ్గర పుట్టిన ప్రతి బిడ్డకీ మడమ రక్తంతో థైరాయిడ్ చూస్తారు. మన దగ్గర అంతటా జరగదు. అందుకే టీఎస్‌హెచ్ ఎప్పుడు ఎక్కువగా కనిపించినా, అది నిజంగా గ్రంథి లోపం కావచ్చు కాబట్టి, ఆలస్యం చేయకుండా హైదరాబాద్ నిలోఫర్‌లాంటి పిల్లల ఆసుపత్రిలో చూపించమనండి. పాలు తాగకపోయినా, మగతగా ఉన్నా, ఒళ్లు చల్లబడినా, పాదాలు వాచినా వెంటనే డాక్టర్‌ను పిలవాలి.