పాటల పంట – 1951

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో బంగాళాఖాతం ఒడ్డున ఉన్న మత్స్యకార గ్రామం భావనపాడు. ఇటువంటి తీరగ్రామాలకు ఒకనాడు సినిమా కంటే ముందుగా సినిమా పాట చేరేది. పెళ్ళిపందిరి దగ్గర వెదురు గడకు కట్టిన మైకు, కీ ఇచ్చి తిప్పే గ్రామఫోను పెట్టె, దాని మీద తిరిగే నల్లని రికార్డు ఉంటే చాలు. చూడని సినిమాలోని పాట కూడా ఊరందరికీ నోటికి వచ్చేది.

ఆ రికార్డులు లక్కతో తయారైనవి. నిమిషానికి 78 చుట్లు తిరిగేవి. ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాల పాట మాత్రమే పట్టేది. పల్లవి, చరణాలు, నడుమ వాద్యాల మేళవింపు అన్నీ ఆ కొలతలో ఇమడవలసిందే. లేదా ఒక పాటను రెండు వైపులకూ పంచవలసి వచ్చేది. ఒక చిత్రంలోని పాటలన్నీ ఒకే సంపుటిగా, నేడు ఆల్బం అంటున్న రూపంలో, దొరికేవి కావు. అయినప్పటికీ ఆ పాటలను సంపుటాలుగా భావించి చూస్తే 1951తో సరితూగే సంవత్సరాలు తెలుగులో చాలా తక్కువ.

ఆ సంవత్సరం మార్చి 15న ‘పాతాళభైరవి’, డిసెంబరు 20న ‘మల్లీశ్వరి’ విడుదలయ్యాయి. మొదటిదానికి సంగీతం ఘంటసాల వేంకటేశ్వరరావు, రెండవదానికి సాలూరి రాజేశ్వరరావు. ఇద్దరూ 1922లోనే, రెండు నెలల తేడాతో జన్మించారు. ఇద్దరి సంగీతానికీ ఉత్తరాంధ్రలోనే మూలాలున్నాయి. రాజేశ్వరరావు జన్మస్థలం సాలూరు సమీపంలోని శివరామపురం. బాల్యంలోనే గ్రామఫోను రికార్డులకు పాడిన గాయకుడాయన. ఘంటసాల పుట్టింది గుడివాడ దగ్గరి చౌటపల్లిలో. అయితే సంగీతం కోసం ఆయన విజయనగరం చేరాడు. ఆకలికి జోలె పట్టి ఇల్లిల్లూ తిరిగి, 1919లో స్థాపితమైన అక్కడి సంగీత కళాశాలలో విద్య పూర్తి చేశాడు. ఆయనను ఆదరించి విద్య నేర్పిన పట్రాయని సీతారామశాస్త్రిని సాలూరు చినగురువుగారని పిలిచేవారు. ఆ విధంగా రెండు దారులూ సాలూరునే తాకుతున్నాయి!

‘పాతాళభైరవి’ జానపద కథ. కె.వి.రెడ్డి దర్శకుడు, పింగళి నాగేంద్రరావు రచయిత. తోటమాలి కొడుకు రాజకుమారిని ప్రేమించడం కథలోని ముఖ్యాంశం. వినగానే పట్టుబడే వరుసలు, సంభాషణలంత తేలికైన మాటలు ఆ పాటల బలం. ఘంటసాల, పి.లీల గొంతులు కలిసిన యుగళగీతాలు ఆంధ్రదేశమంతటా మారుమోగాయి.

‘మల్లీశ్వరి’ తీరు వేరు. బి.ఎన్.రెడ్డి దర్శకత్వంలో రాయలనాటి కథగా రూపొందిన ఈ చిత్రంతోనే దేవులపల్లి కృష్ణశాస్త్రి సినీరంగానికి వచ్చాడు. భావకవి పదాలకు బరువైన బాణీ కడితే పదం నలుగుతుంది. మరీ తేలిక చేస్తే భావం జారిపోతుంది. రాజేశ్వరరావు ఆ రెండింటి నడుమ నడిచాడు. ఎడబాటులో ఉన్న నాయికానాయకులు మేఘం ద్వారా కబురు పంపుకొనే పాటను గమనించాలి. ఇద్దరూ రెండు చోట్ల ఉండి పాడుకొంటారు. ఒకరి మాటకు మరొకరి మాట జవాబు కాదు, అయినా పాట తెగదు. నాయిక భానుమతి తన పాటలు తానే పాడుకొన్నది. నాయకుడు రామారావుకు పాడినవాడు ఘంటసాల. అంటే రెండు సంపుటాలలోనూ ఆయనకు భాగమున్నది.

తొలి విడుదలలో జనాదరణ మొదటి చిత్రానికే ఎక్కువ. కాని మాట, బాణీ, గొంతు ఒక్కటైపోవడమే కొలమానమైతే ‘మల్లీశ్వరి’కే పెద్దపీట వేయాలి. ‘పాతాళభైరవి’ పాటలు కథను ముందుకు నడిపిస్తాయి. ‘మల్లీశ్వరి’ పాటలు కథ తెలియనివారిని సైతం కదిలిస్తాయి. భావనపాడు పెళ్ళిపందిరి దగ్గర సినిమా చూడకుండా పాట మాత్రమే విన్నవారికి ఈ భేదం బాగా తెలుస్తుంది.

ఈ ఇద్దరి పని మరొకసారి ఒకే చిత్రంలో కలిసింది. 1957 నాటి ‘మాయాబజార్’కు రాజేశ్వరరావు కొన్ని పాటలకు వరుసలు కట్టి తప్పుకొన్నాడు. మిగిలినది ఘంటసాల పూర్తి చేశాడు. తెరమీద సంగీత దర్శకుడిగా కనిపించేది ఘంటసాల పేరే. ఏ వరుస ఎవరిదన్న చర్చ రసికులలో నేటికీ సాగుతూనే ఉంది.