ఇంజన్ ఆగితే పంపూ ఆగాలి

పెట్రోలు కారు తాళాన్ని ఆన్ వరకు తిప్పి, స్టార్ట్ చేయకుండా ఓ క్షణం చెవి పెట్టి వినండి. చాలా కార్లలో వెనక సీటు కింద నుంచి సన్నని మోత వస్తుంది. రెండు సెకన్లకల్లా ఆగిపోతుంది. ట్యాంకులో పెట్రోల్లో మునిగి ఉండే ఎలక్ట్రిక్ పంపు చప్పుడది. ఇంజన్ ముందున్న ఇంజెక్టర్ల దాకా పెట్రోలును సుమారు 3 బార్ల పీడనంతో నింపి ఉంచడం దాని పని. మరి తాళం ఇంకా ఆన్‌లోనే ఉండగా ఎందుకు ఆగింది?

1983లో మారుతీ 800 రోడ్డెక్కినప్పుడు ఈ ప్రశ్నే లేదు. కార్బ్యురేటర్‌కు పెట్రోలు అందించే పంపును ఇంజనే తిప్పేది. ఇంజన్ ఆగితే పంపూ ఆగేది. 2000 ప్రాంతంలో పొగ నిబంధనలు కఠినమయ్యాక ఇంజెక్షన్ కార్లు వచ్చాయి. ఇంజెక్టర్‌కు చాలా ఎక్కువ పీడనం కావాలి, అదీ ఇంజన్ తిరగకముందే సిద్ధంగా ఉండాలి. అందుకే పంపు ట్యాంకులోకి దిగింది, దానికి కరెంటు బ్యాటరీ నుంచి అందింది. దాంతో ఇంజన్‌కూ పంపుకూ మధ్య సహజంగా ఉన్న ముడి తెగిపోయింది. దాన్ని తీగలతో మళ్లీ వేయాల్సి వచ్చింది.

ఆ ముడి ఎలాంటిదో సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా వైపు మరమగ్గాల మీద పనిచేసే తెలుగు నేత కుటుంబాలకు చప్పున అర్థమవుతుంది. పేక దారం తెగితే మగ్గంలోని చిన్న ఫోర్కు పసిగట్టి మగ్గాన్ని ఆపేస్తుంది. మోటారుకు స్విచ్ వేసి ఉంటే చాలదు, దారం ఉందన్న కబురు అందుతూనే ఉండాలి. కారులో ఆ కబురు పంపేది క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్. ఇంజన్ తిరుగుతున్నంతసేపు అది ఈసీయూకు, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటరుకు, విద్యుత్ స్పందనలు పంపుతుంది. అవి ఆగిపోతే ఈసీయూ పంపును ఆపేస్తుంది. మొదటి రెండు సెకన్లు మాత్రం పైపుల్లో పీడనం నింపడానికి ఇచ్చిన మినహాయింపు.

ఈసీయూ నేరుగా పంపును నడపదు. పంపుకు 5, 6 ఆంపియర్లు కావాలి. రిలే అక్కడే అవసరమవుతుంది. 80 ఓమ్‌ల కాయిల్‌కు 12 వోల్టులు ఇస్తే పారేది 0.15 ఆంపియర్లే. ఆ కాస్త కరెంటుతో పుట్టిన అయస్కాంతం లోపలి ఇనుప రేకును లాగి, పెద్ద కరెంటు దారిని కలుపుతుంది. రిలే మీద 85, 86 అని ఉన్నవి కాయిల్ కొనలు. 30కి ఫ్యూజ్ మీదుగా బ్యాటరీ, 87కు పంపు. చాలా కార్లలో ఈసీయూ కాయిల్ రెండో కొనను ఎర్త్‌కు కలిపి రిలేను పనిచేయిస్తుంది.

కాయిల్‌లో కరెంటు ఒక్కసారిగా తెగితే అందులోని అయస్కాంత శక్తి ఊరుకోదు. వంద వోల్టులు దాటిన పోటు పుట్టి, ఈసీయూలోని ట్రాన్సిస్టరును దెబ్బతీయగలదు. దాన్ని మింగేయడానికి కొన్ని రిలేల్లో కాయిల్‌కు అడ్డంగా డయోడ్ ఉంటుంది. అలాంటి రిలే మార్చేటప్పుడు 85, 86లను తారుమారు చేస్తే డయోడే షార్ట్ అవుతుంది. పైకి ఒకేలా కనిపించే రిలేలన్నీ ఒకటి కావు.

అసలు ప్రమాదం మరోచోట ఉంది. దారిలో కారు ఆగిపోతే రిలే ఊడదీసి, 30నీ 87నీ చిన్న తీగముక్కతో కలిపేసి "ఇక పోనీయండి" అనడం రోడ్డు పక్క వైద్యాల్లో ఒకటి. పంపు బాగుందో లేదో చూడటానికి క్షణం కలిపితే సరే. అలాగే వదిలేస్తే ఈసీయూ మాట పంపుకు వినిపించదు. ఢీకొని ఇంజన్ ఆగి, పైపు తెగితే? గంటకు 80 లీటర్లు తోడే పంపు నిమిషానికి లీటరుకు పైగా పెట్రోలును వేడి సైలెన్సర్ పైపుల మీదికి చిమ్ముతూనే ఉంటుంది. ట్యాంకులో మునిగిన పంపు లోపల నిప్పురవ్వ లేచినా అక్కడ గాలి లేదు, అంటుకోదు. బయట గాలికి కొదవేముంది?

ఇక పంపు మీద అన్యాయంగా పడే నింద గురించి. 2006 ఆగస్టులో తాపీ వరద సూరత్‌లో చాలా భాగాన్ని ముంచెత్తింది. అలా నీట మునిగిన కార్లలోనూ, సముద్రపు గాలి తగిలే ఊళ్లలోనూ కనెక్టర్లకు పచ్చని చిలుము పడుతుంది. ఆ చిలుము అడ్డు 0.2 ఓమ్‌లే అనుకోండి. 5 ఆంపియర్లు పారితే ఒక వోల్టు అక్కడే పోతుంది, 5 వాట్ల వేడి ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. పంపు నీరసిస్తుంది, ఎక్కుడు దారిలో బండి ముక్కుతుంది. మెకానిక్ ప్లగ్ ఊడదీసి మీటర్ పెడితే నిండుగా 12 వోల్టులు! మీటర్ దాదాపు కరెంటే తీసుకోదు, కరెంటు పారనిదే వోల్టేజీ తగ్గదు. పంపు తిరుగుతుండగా కొలవాలి. అది తెలియక కొత్త పంపులు కొన్నవారు చాలామందే ఉంటారు.

సీఎన్‌జీ కిట్ బిగించిన కార్లలో ఇంకో మెలిక ఉంది. కొన్నింటిలో గ్యాసు మీద నడిచేటప్పుడూ పెట్రోలు పంపు తిరుగుతూనే ఉంటుంది. దాన్ని చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే కాబట్టి, గ్యాసు ఉంది కదా అని ట్యాంకును అడుగంటేలా ఉంచితే పంపు మాడుతుంది. మరికొన్ని కిట్లలో దాన్ని ఆపడానికి ఇంకో రిలే పెడతారు. పంపు తిరగకపోతే ఆ అతుకును ముందు చూడాలి.

కొత్త కార్లు కొన్నింటిలో రిలేకు తోడుగా మాస్‌ఫెట్‌లు వచ్చాయి. కరెంటును సెకనుకు వేల సార్లు కలిపి తెంచుతూ, ఇంజన్ అవసరాన్ని బట్టి పంపు వేగాన్ని మారుస్తాయి. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే ఆ కబురు అంది పంపు ఆగే ఏర్పాటూ ఉంటోంది. కొన్ని పాత మోడళ్లలో ఈ పనికి ఇనర్షియా స్విచ్ ఉండేది. కుదుపుకు లోపలి ఉక్కు గోళీ స్థానం తప్పి, కరెంటు తెగుతుంది. గుంతలో గట్టిగా పడ్డాక కారు స్టార్ట్ కాకపోతే దాని బొత్తాన్ని నొక్కితే సరిపోవచ్చు. నొక్కే ముందు కారు కింద తడి ఉందేమో, పెట్రోలు వాసన వస్తోందేమో చూడండి. వస్తుంటే బొత్తాం ముట్టుకోకుండా దూరంగా వెళ్లి సాయం కోసం ఫోన్ చేయండి.